దుకాణం ఆగినా పుస్తకం మన దగ్గరే ఉండాలి

ఈ ఏడాది మహాజన సభలో మన సమాఖ్య ఆన్‌లైన్ దుకాణాన్ని కొంతకాలం ఆపి ఉంచాలని తీర్మానం చేసుకున్నాం. నెలనెలా కట్టే అద్దె, కొరియర్ ఖర్చు, వచ్చిన అమ్మకం, ఈ మూడూ పక్కపక్కన పెట్టి చూసుకున్నాకే ఆ నిర్ణయం తీసుకున్నాం. ఆ లెక్క ఆదాయ వ్యయాల పట్టికలో ఉంది కాబట్టి ఇక్కడ మళ్ళీ రాయడం లేదు. అయితే ఆ తీర్మానం మీద మాట్లాడేటప్పుడు చాలామంది అక్కచెల్లెళ్ళు ఇంకో ప్రశ్న అడిగారు. "ఆపేస్తే అందులో పెట్టిన మన ఫొటోలు, సరుకు గురించి రాసిన మాటలు, కొన్నవాళ్ళ చిరునామాలు ఏమైపోతాయి?" అని.

జవాబు చిన్నదే. ముందుగా తీసి మన దగ్గర పెట్టుకుంటే ఉంటాయి, లేకపోతే పోతాయి. కానీ ఆ మాట ఎంత నిజమో తెలియాలంటే మనకంటే ముందు మూతపడిన దుకాణాల కథ తెలియాలి. ఆ కథ మొదలుపెట్టే ముందు, కొన్నవాళ్ళ పేరు మన పుస్తకంలోకి రావడానికి ఎంతకాలం పట్టిందో కూడా గుర్తు చేసుకోవాలి.

కొన్నది ఎవరో తెలియని రోజులు

నర్సాపురం లేసు గురించి మనందరికీ తెలుసు. 19వ శతాబ్దంలో మిషనరీల ద్వారా గోదావరి ప్రాంతానికి వచ్చిన కుట్టుపని అది. తరతరాలుగా ఆడవాళ్ళు ఇంట్లో కూర్చుని కొక్కెం సూదితో అల్లుతున్నారు. ఒక ఊళ్ళో పువ్వులు అల్లితే ఇంకో చోట వాటిని కలిపే అతుకు పని చేసేవాళ్ళు. సరుకు సముద్రాలు దాటి విదేశాలకు వెళ్ళేది.

జర్మనీకి చెందిన మరియా మీస్ అనే సామాజిక శాస్త్రవేత్త ఇక్కడికి వచ్చి ఈ పనిని దగ్గరగా చూశారు. 1982లో దాని మీద పుస్తకం అచ్చువేశారు. అల్లేది ఆడవాళ్ళు, అమ్మేది వ్యాపారులు. అల్లినావిడను పనిమనిషిగా కాక, తీరిక సమయంలో ఏదో చేసుకునే గృహిణిగా లెక్కగట్టారు. తన లేసు ఎక్కడికి పోతుందో, అక్కడ ఎంతకు అమ్ముడవుతుందో ఆమెకు తెలిసేది కాదు. నూలు ఇచ్చిన ఏజెంటు లేసు తీసుకుని కూలి ఇచ్చి వెళ్ళేవాడు.

ఇక్కడ గమనించాల్సింది కూలి తక్కువ అన్న సంగతి ఒక్కటే కాదు. ఎవరు కొంటున్నారు, ఏ డిజైను అడుగుతున్నారు, ఎంత ఇవ్వడానికి సిద్ధంగా ఉన్నారు అన్న వివరాలన్నీ వ్యాపారి పుస్తకంలో ఉండేవి. పని చేతుల్లో ఉన్నా ఆ పుస్తకం చేతిలో లేకపోవడం వల్ల బేరమాడే బలం లేకపోయింది. అది అప్పటి నర్సాపురానికే పరిమితం కాదు. దళారీ మీద ఆధారపడిన ప్రతి చేతిపనిలోనూ ఇదే జరిగింది.

సంఘాలు వచ్చాయి, పుస్తకాలు వచ్చాయి

మనకు పుస్తకం విలువ నేర్పింది సంఘమే. 1982-83లో డ్వాక్రా పథకం దేశంలో 50 జిల్లాల్లో మొదలైంది. 1990ల తొలి ఏళ్ళలో నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి సారా వ్యతిరేక ఉద్యమం లేచింది. ఆ ఊపులోనే ఆ జిల్లాలో పొదుపు లక్ష్మి సంఘాలు విస్తరించాయి. 1992లో నాబార్డు 500 సంఘాలను బ్యాంకులతో కలిపే ప్రయోగం మొదలుపెట్టింది.

బ్యాంకు మనల్ని నమ్మడానికి కారణం మన పుస్తకాలే. సంఘాలకు చెప్పే పంచసూత్రాలు మనకు కంఠతా వచ్చు. క్రమం తప్పకుండా సమావేశం, పొదుపు, అంతర్గత అప్పు, తిరిగి చెల్లింపు, అయిదోది పుస్తకాలు ఎప్పటికప్పుడు రాసుకోవడం. ఆస్తి తాకట్టు పెట్టలేని ఆడవాళ్ళు మినిట్స్ పుస్తకం, పొదుపు లెడ్జరు, అప్పుల లెడ్జరు చూపించి అప్పు తెచ్చుకున్నారు. పుస్తకమే మన పూచీకత్తు అయింది.

అమ్మకాల విషయంలో మాత్రం ఈ అలవాటు ఆలస్యంగా వచ్చింది. సరస్ మేళాల్లో, డ్వాక్రా బజార్లలో మన పచ్చళ్ళు, పొడులు, కలంకారీ దుప్పట్లు, చేనేత చీరలు బాగానే అమ్ముడయ్యేవి. పది రోజులు మేళా జరిగేది, సంచులు ఖాళీ చేసుకుని ఇంటికి వచ్చేవాళ్ళం. కొన్నావిడ మళ్ళీ కావాలనుకుంటే మనల్ని ఎలా పట్టుకోవాలి? మనం ఆమెను ఎలా పట్టుకోవాలి? డబ్బు లెక్క తప్ప ఆమె గురించి ఒక్క అక్షరం మన దగ్గర మిగిలేది కాదు.

ఆన్‌లైన్ అంగడి ఆ లోటు తీర్చింది. కొనేవాళ్ళ పేరు, ఊరు, ఏం కొన్నారు, ఎన్నిసార్లు కొన్నారు, ఏం బాగుందన్నారు, ఇవన్నీ మొదటిసారి రాతపూర్వకంగా మనకు కనిపించాయి. దుకాణం ఆపేటప్పుడు మనం కాపాడుకోవాల్సింది ఇదే.

ఆన్‌లైన్ అంగళ్ళు ఎలా మొదలయ్యాయి

మన దేశంలో సామాన్య జనానికి ఇంటర్నెట్ 1995 ఆగస్టు 15న వచ్చింది. నాలుగేళ్ళకే, 1999లో, బెంగళూరులో ఫ్యాబ్‌మార్ట్ అనే ఆన్‌లైన్ దుకాణం మొదలైంది. ఇంటర్నెట్‌లో సరుకు అమ్మిన తొలి భారతీయ దుకాణాల్లో అదొకటి. 2000లో బాజీ డాట్ కామ్ వచ్చింది. ఎవరి సరుకు వాళ్ళు పెట్టుకుని అమ్ముకునే సంతలాంటిది. 2004లో దాన్ని అమెరికా కంపెనీ ఈబే కొనేసింది. 2007లో ఫ్లిప్‌కార్ట్, 2013లో అమెజాన్ మన దేశంలో అమ్మకాలు మొదలుపెట్టాయి.

ఇంకో దారి కూడా పక్కనే నడిచింది. పెద్ద సంతలో చోటు తీసుకోవడం కాకుండా సొంత పేరుతో దుకాణం పెట్టుకునే దారి అది. కెనడాలో టోబీ లూట్కే అనే ఆయన 2004లో మంచు మీద జారే పలకలు అమ్మడానికి ఆన్‌లైన్ దుకాణం పెట్టుకున్నాడు. సరుకు కన్నా దుకాణం కోసం రాసుకున్న ప్రోగ్రామే ఎక్కువమందికి పనికొస్తుందని గ్రహించి, 2006లో దాన్ని షాపిఫై పేరుతో అద్దెకివ్వడం మొదలుపెట్టాడు. 2011లో వర్డ్‌ప్రెస్ వెబ్‌సైట్లకు తగిలించుకునే వూకామర్స్ వచ్చింది. 2018లో వాట్సాప్ బిజినెస్, 2019లో అందులో కేటలాగు వచ్చాయి. ఊళ్ళో పచ్చళ్ళు పట్టే చెల్లి కూడా ఫోన్‌లోనే సరుకు ఫొటో, ధర పెట్టుకోగలిగింది.

ఇవన్నీ పైకి ఒకేలా కనిపిస్తాయి కానీ తేడా ఉంది. అమెజాన్, ఫ్లిప్‌కార్ట్ లాంటివి సంత. అక్కడ చోటు వాళ్ళది, కొనేవాళ్ళు కూడా వాళ్ళ ఖాతాదారులే. షాపిఫై లాంటిది అద్దె గది. బోర్డు మనది, గోడలు వాళ్ళవి. వూకామర్స్ మన సామానుతో కట్టుకున్న ఇల్లు, అయితే స్థలానికి, అంటే సర్వరుకు, అద్దె కట్టాలి. ఏదైనా సరే, ఎంతోకొంత ఇంకొకరి చోటు మీద నిలబడిందే. బజారులో షట్టర్ దించితే సరుకు, తక్కెడ, పద్దుల పుస్తకం ఇంటికి తెచ్చుకుంటాం. ఆన్‌లైన్‌లో షట్టర్ దించితే పద్దుల పుస్తకం లోపలే ఉండిపోతుంది. తాళంచెవి చోటు ఇచ్చినవాళ్ళ దగ్గర ఉంటుంది.

మూతపడినవి, అవి నేర్పినవి

మూతపడటం ఆన్‌లైన్ వ్యాపారంలో కొత్త కాదు. అమెరికాలో ఎంతో ఆర్భాటంగా మొదలైన పెట్స్ డాట్ కామ్ 2000లో, ఇంటికి కిరాణా పంపే వెబ్‌వ్యాన్ 2001లో మూతపడ్డాయి. మన ఫ్యాబ్‌మార్ట్ పేర్లు మార్చుకుంటూ ఇండియాప్లాజా అయింది, 2013లో ఆగిపోయింది. మొదట మొదలుపెట్టినవాళ్ళు చివరిదాకా ఉంటారన్న నమ్మకం లేదని దానితో తేలింది.

ఈబే ఇండియా కథ మనకు ఇంకా దగ్గర. దేశమంతటా చిన్న అమ్మకందారులు అందులో ఏళ్ళ తరబడి సరుకు పెట్టారు. 2017లో అది ఫ్లిప్‌కార్ట్ చేతికి వెళ్ళింది. మరుసటి ఏడాది ఫ్లిప్‌కార్ట్‌ను వాల్‌మార్ట్ కొన్నది. 2018 ఆగస్టు 14 తర్వాత ఆ సైటులో కొనుగోళ్ళు, అమ్మకాలు ఆగిపోయాయి. అక్కడి అమ్మకందారుకు నక్షత్రాలు, మంచి మాటలు అంటే పేరు. కొత్తవాళ్ళు ఆ పేరు చూసే కొనేవాళ్ళు. ఒక సంతలో సంపాదించిన పేరును ఇంకో సంతకు అలాగే మోసుకుపోయే వీలు ఉండదు. పై స్థాయిలో కంపెనీలు చేతులు మారితే కింద మన చోటు పోవచ్చని ఈ ఉదంతం చెబుతుంది.

అమెజాన్ కూడా ఒకప్పుడు షాపిఫై లాగే వెబ్‌స్టోర్ అనే పేరుతో దుకాణాలు అద్దెకిచ్చింది. దాన్ని 2016 జూలై 1న మూసేసింది. అయితే ఏడాదికి పైగా ముందే చెప్పింది. దుకాణదారులు వేరే చోటికి మారడానికి సమయం దొరికింది. గూగుల్ కూడా చిన్న వ్యాపారాలకు తన బిజినెస్ ప్రొఫైల్‌లో ఉచితంగా చిన్న వెబ్‌సైటు కట్టి ఇచ్చేది. ఆ సైట్లను 2024 మార్చిలో ఆపేసింది. కొన్ని నెలలు ఆ చిరునామాకు వచ్చినవాళ్ళను ప్రొఫైల్‌కు పంపి, జూన్‌లో అదీ ఆపింది. ఉచితంగా ఇచ్చింది ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చు.

ముందస్తు కబురు అన్నిసార్లూ రాదు. 2020 జూన్ 29న కేంద్ర ప్రభుత్వం టిక్‌టాక్‌తో సహా 59 యాప్‌లను నిషేధించింది. ఆ నిర్ణయం తప్పా ఒప్పా అన్నది ఇక్కడ చర్చ కాదు. పల్లెల్లో ఎందరో ఆడవాళ్ళు తమ వంట, తమ పాట, తమ చేతిపని అందులోనే పెట్టుకున్నారు. ఫోన్‌లో వేరే కాపీ దాచుకున్నవాళ్ళు ఆ వీడియోలను ఇంకో చోట పెట్టి మళ్ళీ మొదలుపెట్టగలిగారు. దాచుకోనివాళ్ళు మొదటి నుంచి చేసుకోవాల్సి వచ్చింది.

కాపీ ఉందనుకోవడం వేరు, ఉండటం వేరు

కాపీ తీశామనుకున్నవాళ్ళకు కూడా నష్టం జరిగిన సందర్భాలు ఉన్నాయి. ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ అనే కంపెనీ వేల వెబ్‌సైట్లకు సర్వర్లు అద్దెకిస్తుంది. 2021 మార్చి 10న అక్కడ మంటలు లేచి ఒక భవనం పూర్తిగా కాలిపోయింది. లక్షల సైట్లు ఆగిపోయాయి. కొందరికి కాపీలు ఉన్నా, అవి కూడా అదే ప్రాంగణంలో ఉండటంతో సైటుతో పాటే కాలిపోయాయి. వడ్లు, విత్తనం ఒకే గదిలో పెట్టినట్టే.

మైస్పేస్ అనే సంస్థ సర్వర్లు మార్చే పనిలో, జనం 2003 నుంచి 2015 వరకు ఎక్కించిన పాటల్ని పోగొట్టుకుంది. ఆ సంగతి 2019లో బయటపడింది. పెద్ద కంపెనీ కదా, వాళ్ళే దాస్తారు అనుకోవడానికి వీల్లేదు.

పీటర్ క్రోగ్ అనే ఫొటోగ్రాఫర్ తోటి ఫొటోగ్రాఫర్ల కోసం ఒక సులువైన లెక్క చెప్పాడు. దాన్ని 3-2-1 అంటారు. ప్రతిదానికీ 3 కాపీలు ఉండాలి. అవి 2 రకాల వస్తువుల్లో ఉండాలి, ఉదాహరణకు కంప్యూటరులో ఒకటి, పెన్‌డ్రైవ్ లేదా హార్డ్‌డిస్కులో ఒకటి. అందులో 1 కాపీ వేరే ఊళ్ళోనో వేరే భవనంలోనో ఉండాలి. ఇది మనకు వింతగా అనిపించాల్సిన పని లేదు. అప్పు లెక్క సభ్యురాలి పాసుపుస్తకంలో ఒకసారి, సంఘం లెడ్జరులో ఒకసారి, బ్యాంకులో ఒకసారి రాసి ఉంటుంది కదా. ఒకటి తడిసినా, చిరిగినా మిగతా రెండూ చూసి మళ్ళీ రాసుకుంటాం.

ఇంకో మెలిక కూడా ఉంది. చాలా దుకాణాల్లో సరుకు జాబితాను ఒక ఫైలుగా దించుకోవచ్చు. సీఎస్‌వీ ఫైలు అంటారు, ఎక్సెల్‌లో తెరుచుకుంటుంది. అందులో పేరు, ధర, బరువు, వివరణ అన్నీ వస్తాయి. ఫొటో మాత్రం రాదు. ఫొటో ఉన్న చిరునామా మాత్రమే వస్తుంది. షాపిఫైలో ఇలాగే ఉంటుంది. వర్డ్‌ప్రెస్ ఇచ్చే ఎగుమతి ఫైలులో కూడా ఫొటోల చిరునామాలే ఉంటాయి. దుకాణం మూశాక ఆ చిరునామా పని చేయకపోతే ఫైలు ఉన్నా బొమ్మ ఉండదు. అందుకే ఫొటోలను విడిగా దించుకోవాలి. ఇది తెలియక ఎందరి జాబితాలో బొమ్మల చోటు ఖాళీగా మిగులుతుందో ఊహించుకోవచ్చు.

1996లో బ్రూస్టర్ కాలే అమెరికాలో ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే సంస్థ పెట్టాడు. 2001 నుంచి దాని వేబ్యాక్ మెషీన్‌లో ఎవరైనా పాత వెబ్ పేజీలు ఉచితంగా చూడొచ్చు, మన పేజీని భద్రపరచమని అడగొచ్చు. 2009 అక్టోబరులో యాహూ సంస్థ జియోసిటీస్‌ను మూసినప్పుడు, అందులో సామాన్యులు కట్టుకున్న పేజీలు కొంతవరకైనా మిగలడానికి ఇలాంటి స్వచ్ఛంద కృషే కారణం. అయితే ఇది దుకాణం ముఖాన్ని మాత్రమే దాస్తుంది. లోపలి ఆర్డర్లు, ఖాతాలు అక్కడ దొరకవు. ఆ పని మనమే చేసుకోవాలి.

ఆపడం వేరు, మూయడం వేరు

ఆపడం అంటే బోర్డు ఉంచి అమ్మకం నిలపడం. సరుకు కనిపిస్తుంది, ఆర్డరు మాత్రం తీసుకోదు. కొన్ని కంపెనీలు ఇందుకు తక్కువ అద్దె తీసుకుంటాయి. సంతలాంటి చోట్ల సెలవు పెట్టుకునే వీలు ఉంటుంది. మూయడం అంటే గది ఖాళీ చేయడమే. మూశాక ఆ కంపెనీ మన వివరాలు ఎంతకాలం ఉంచుతుందన్నది దాని షరతుల్లో ఉంటుంది. ఆ షరతు చదవకుండా మూసే బొత్తాం నొక్కకూడదు.

రెండింటిలోనూ ముందు చేయాల్సినవి కొన్ని ఉన్నాయి. చేతిలో ఉన్న ఆర్డర్లన్నీ పంపేయాలి. వెనక్కి పంపే గడువు ముగిసేదాకా ఆగాలి. కొన్నవాళ్ళకు ఒక కబురు పెట్టాలి, మళ్ళీ ఏ ఫోన్ నంబరులో దొరుకుతామో చెప్పాలి. ఆన్‌లైన్ చెల్లింపుల డబ్బు బ్యాంకుకు చేరడానికి కొన్ని రోజులు పడుతుంది. అది చేరేదాకా ఆ ఖాతా మూయకూడదు. ఖాతా నుంచి తనంతట తానే కట్ అయ్యే నెలవారీ చెల్లింపులు ఉంటే ఆపించాలి.

దుకాణం పేరు, అంటే డొమైన్, మరో ముఖ్యమైన సంగతి. దాని అద్దె వేరు, దుకాణం అద్దె వేరు. దుకాణం ఆపినా పేరుకు ఏటా కట్టే రుసుము కట్టాలి. డాట్ కామ్ పేరు గడువు దాటి రద్దయితే 30 రోజులపాటు ఎక్కువ రుసుముతో విడిపించుకునే అవకాశం ఉంటుంది. అదీ దాటితే ఎవరైనా కొనుక్కోవచ్చు. మన పేరుతో ఇంకెవరో నకిలీ సరుకు అమ్మితే మాట పడేది మనం.

జీఎస్టీ నమోదు ఉన్నవాళ్ళు ఒకటి గుర్తుంచుకోవాలి. దుకాణం ఆపినంత మాత్రాన జీఎస్టీ తనంతట తాను రద్దు కాదు, రిటర్నులు వేస్తూనే ఉండాలి. నమోదు రద్దు చేయించుకుంటే 3 నెలల్లో చివరి రిటర్ను వేయాలి. బిల్లులు, లెక్కలు వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలలు, అంటే 6 ఏళ్ళు, దాచి ఉంచాలని చట్టం చెబుతోంది. దుకాణం లేదు కాబట్టి బిల్లులు లేవు అంటే అధికారి ఒప్పుకోడు.

మన దగ్గర ఉండాల్సినవి

దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలంటారు. దుకాణం నడుస్తుండగానే దించుకోవాల్సిన వాటిని ఇక్కడ వరసగా రాస్తున్నాం. గ్రామ సంఘాల్లో వాట్సాప్ కేటలాగుతో విడిగా అమ్ముకునే అక్కచెల్లెళ్ళకూ ఇది పనికొస్తుంది.

1. సరుకు జాబితా: పేరు, ధర, బరువు, వివరణ. ఎక్సెల్ ఫైలుగా ఒకటి, కాగితం మీద అచ్చు ఒకటి.

2. ఫొటోలు, వీడియోలు: అసలు సైజులో, సరుకు పేరుతో, తయారు చేసిన సంఘం పేరుతో. ఎవరి చేతిపని అన్నది రాసి ఉండాలి.

3. ఆర్డర్లు, బిల్లులు: మొదటి రోజు నుంచి చివరి రోజు వరకు.

4. కొన్నవాళ్ళ వివరాలు: పేరు, ఊరు, ఫోన్, ఏం కొన్నారు. ఇవి మనల్ని నమ్మి ఇచ్చినవి. వ్యక్తుల వివరాల రక్షణకు 2023లో చట్టం కూడా వచ్చింది. ఈ ఫైలుకు పాస్‌వర్డు పెట్టాలి, గ్రూపుల్లో పంచకూడదు, ఇంకెవరికీ అమ్మకూడదు.

5. వాళ్ళు రాసిన మంచీ చెడూ: ఫైలుగా రాకపోతే స్క్రీన్‌షాట్లు తీసుకోవాలి.

6. ఖాతాల చిట్టా: ఏ ఖాతా ఎవరి ఫోన్ నంబరు మీద, ఏ ఈమెయిల్ మీద ఉందో. దుకాణం ఒక కంప్యూటర్ చెల్లి సొంత నంబరు మీద ఉంటే, ఆమె పెళ్ళయి వేరే ఊరు వెళ్ళినా, ఉద్యోగం మారినా ఓటీపీ ఆమెకే పోతుంది. నంబరు సమాఖ్యది అయి ఉండాలి.

దించుకున్నాక మూటకట్టి పక్కన పెట్టేయకూడదు. తెరిచి చూడాలి. నాలుగు ఫొటోలు, నాలుగు బిల్లులు తీసి, కంప్యూటరు రాని సభ్యురాలికి కూడా చూపించి సరిపోల్చాలి. తెరుచుకోని కాపీ కాపీ కాదు.

మన సమాఖ్య వరకు ఈ ఆరింటిలో 3 కాపీలు ఉండాలని కార్యవర్గం నిర్ణయించింది. ఒకటి సమాఖ్య కార్యాలయం కంప్యూటరులో, ఒకటి బీరువాలో హార్డ్‌డిస్కులో, ఒకటి వేరే ఊళ్ళో ఉన్న గ్రామ సంఘం కార్యాలయంలో. ఏ రోజు ఎవరు దించారు, ఎవరు తెరిచి చూశారు అన్నది మినిట్స్ పుస్తకంలో రాసి సంతకాలు తీసుకుంటాం. ఆరు నెలలకోసారి హార్డ్‌డిస్కు తెరిచి పరీక్షిస్తాం. అప్పుల లెడ్జరును తనిఖీ చేసినట్టే దీన్నీ ఆడిట్‌లో చూపిస్తాం.

రేపు మళ్ళీ దుకాణం తెరుస్తామా, ఇంకో సంతలో చోటు తీసుకుంటామా, ఫోన్ మీదే అమ్ముతామా అన్నది వచ్చే మహాజన సభలో మీరే తేల్చాలి. ఏది తేల్చినా పాత ఖాతాదారుల పేర్లు, మన సరుకు బొమ్మలు, మన సంఘాల పేర్లు చేతిలో ఉంటే మొదటి రోజు నుంచి మొదలుపెట్టాల్సిన పని ఉండదు. నర్సాపురంలో లేసు అల్లిన మన ముందుతరం ఆడవాళ్ళ చేతికి రాని పుస్తకం అది. మన చేతికి వచ్చింది, దాన్ని ఇంకొకరి గదిలో వదిలి రాకూడదు.